పూతరేకుల ఊరు, పనసాకు పొట్టిక్కలు

సెలవులొస్తే పిల్లలు ‘‘అమ్మా, ఏదైనా చేసి పెట్టవే’’ అంటూ వంటింటి గడప దగ్గర చేరే ఇళ్ళు ఇప్పుడెన్ని ఉన్నాయంటారు? ఫోన్లో వేలితో నొక్కితే చాలు, అరగంటలో డబ్బా గుమ్మం ముందుకి వచ్చేస్తోంది. అది తప్పని నేననను. ఒంట్లో బాగాలేని రోజున నేనూ తెప్పించినదాన్నే. కానీ ఆ డబ్బా విప్పుకుని తలో మూలా కూర్చుని తినేస్తాం. ఇంట్లో చేసుకున్నదైతే ఒకరు తురమాలి, ఒకరు కలపాలి, ఒకరు ‘‘ఇదేం వంకర!’’ అని వెక్కిరించాలి. ఆ సందడి ఎక్కడ కొంటే వస్తుంది చెప్పండి?

ఈ ఏడాది సంక్రాంతి సెలవులు ఇంకా నాలుగు రోజులున్నాయనగా మేం కోనసీమ వెళ్ళొచ్చాం. చూడ్డానికి వెళ్ళిన ప్రయాణం కాదు, ఒక పనిమీద వెళ్ళాం. అయినా అక్కణ్ణుంచి మూడు వంటకాలు కొంగున కట్టుకొచ్చాను. మూడూ తేలికే. మూడింట్లోనూ పిల్లలకి, పెద్దవాళ్ళకి తలో చెయ్యి వేసే పని ఉంది. మీకూ చెబుదామని ఇలా కూర్చున్నాను.

పుట్టింటి కబురు

మాది గుంటూరు. మా అత్తగారిది అంబాజీపేట పక్కన ఓ చిన్న ఊరు. మిరపకాయల ఊరికి కొబ్బరికాయల ఊరి పిల్లని చేసుకున్నారని మా మామగారు బతికున్నన్నాళ్ళూ నవ్వించేవారు. అత్తయ్యకిప్పుడు డెబ్బై నాలుగేళ్ళు. ఆవిడ అన్నగారి కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. పుట్టింటి పెంకుటిల్లు, దొడ్డి కలిపి అమ్మకానికి కుదిరిందని, ఆడపిల్లగా అత్తయ్య సంతకం కావాలని అతనే ఫోన్ చేశాడు.

సంతకం పెట్టడానికి అత్తయ్యకి అభ్యంతరం లేదు. ఆ గుమ్మం ఎక్కడానికే మనసు లేదు. పదకొండేళ్ళుగా ఆవిడకీ, వాళ్ళ వదినగారికీ మాటల్లేవు. అత్తయ్య వాళ్ళమ్మగారు పోయినప్పుడు ఆవిడ మురుగుల విషయంలో మాటా మాటా వచ్చిందట. ఆ తరవాత అన్నగారు పోతే వెళ్ళి, పదో రోజు దాకా ఉండి, ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా పక్కింట్లో తిని వచ్చేసింది. ఇప్పుడా ఇల్లు పోతే వదినగారు కొడుకు దగ్గరికి హైదరాబాదు వెళ్ళిపోతుంది. ఇక వాళ్ళిద్దరూ ఎక్కడ కలుస్తారు? ఆ మాట మావారు రెండుసార్లు అన్నారు. అత్తయ్య వినీ విననట్టు ఊరుకుని, మర్నాడు పొద్దున్నే చీరలు సర్దుకుంది.

బుధవారం తెల్లవారుజామున బయల్దేరాం. అత్తయ్య, మావారు, నేను, ఏడో తరగతి చదువుతున్న మా చిన్నది. పెద్దాడికి ఇంటర్ పరీక్షలు దగ్గర పడ్డాయని ఇంటి దగ్గరే ఉండిపోయాడు. విజయవాడలో బస్సు మారి ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు దాటాక సిద్ధాంతం వంతెన వస్తుంది. కింద వశిష్ఠ గోదావరి. వంతెన దాటగానే గాలి మారిపోతుంది, మీరెప్పుడైనా వెళితే గమనించండి. ఎండలోనూ ఓ చల్లదనం, అరటాకు వాసన. రావులపాలెంలో దిగేసరికి ఎటు చూసినా అరటి గెలలే. అక్కడి అరటి మార్కెట్ అంత పెద్దది మరి.

‘‘ఖాళీ చేతుల్తో పుట్టింటికి పోకూడదు. ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు తీసుకుందాం’’ అంది అత్తయ్య. అప్పటిదాకా దారిలో ఆవిడ మాట్లాడిన మాటలు నాలుగో అయిదో. అందుకని ఎవరం ఎదురు చెప్పలేదు. ఆటో మాట్లాడుకున్నాం.

కుండ మీద రేకు

రావులపాలెం నుంచి ఆత్రేయపురం దారంతా కాలవలు, కొబ్బరిచెట్లు, వరిచేలు. దగ్గర్లోనే లొల్ల లాకులు. గోదావరి కాలవ నీళ్ళు అక్కడే పాయలుగా విడిపోయి కోనసీమ చేలకి వెళతాయి. ఆ లాకుల్ని సినిమాల్లో మీరు చాలాసార్లు చూసే ఉంటారు. ఒకప్పుడు తూర్పు గోదావరిలో ఉన్న ఆత్రేయపురం 2022లో జిల్లాలు విడదీసినప్పుడు కోనసీమ జిల్లాలోకి వచ్చింది. 2023లో ఇక్కడి పూతరేకులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఇంకో ఊళ్ళో చేసినదాన్ని ఆత్రేయపురం పూతరేకులని పేరు పెట్టి అమ్మకూడదన్నమాట.

కొట్లో కొనేసి వచ్చేయొచ్చు. కానీ మా చిన్నది ‘‘ఇంత పల్చగా ఎలా చేస్తారు? మెషీనా?’’ అని అడిగింది. కొట్టాయన నవ్వి, ‘‘మెషీనేంటమ్మా, సెయ్యి! ఆ సందులోకెళ్ళి సూడండి. ఏమనుకోరండి ఆళ్ళు’’ అని చూపించాడు.

ఒక ఇంటి వసారాలో నలభై ఏళ్ళావిడ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంది. అడుగు పైకొచ్చి నున్నగా, గుండ్రంగా, నల్లగా మెరుస్తోంది. ఆ కుండకి ఒక పక్కన కంత. అందులోంచి ఎండు కొబ్బరాకులు కొంచెం కొంచెంగా మంటలోకి తోస్తోంది. పక్కన వెడల్పాటి గిన్నెలో బియ్యప్పిండి నీళ్ళు. పల్చటి నూలు గుడ్డని రెండు చేతులా పట్టుకుని ఆ నీళ్ళలో ముంచి, కుండ మీద ఒక్కసారి అలా లాగింది. చుయ్ మంది. కళ్ళు మూసి తెరిచేలోగా కుండ మీద తెల్లటి పొర. అంచు గోటితో లేపి చేత్తో తీసి పక్కన పెట్టింది. మళ్ళీ గుడ్డ ముంచింది. మా చిన్నది నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

పూత అంటే పూయడం, రేకు అంటే పల్చటి పొర. పూతరేకు అన్న పేరు ఎంత సరిగ్గా సరిపోయిందో ఆ కుండ ముందు నిలబడితే గాని తెలియదు. ఆవిడ చెప్పినదాన్ని బట్టి, జయ రకం బియ్యమైతే రేకు బాగా వస్తుంది. బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలలాగా పల్చగా కలుపుకోవాలి. కొత్త కుండ తెచ్చిన రోజునే పనికి రాదు. నూనె రాస్తూ, మంట పెడుతూ కొన్ని రోజులు మరిగిస్తేనే రేకు అంటుకోకుండా లేస్తుంది. మంట ఎక్కువైతే రేకు మాడిపోతుంది, తగ్గితే ఊడి రాదు. కొబ్బరాకు మంట అయితే మన చెప్పుచేతల్లో ఉంటుందని దాన్నే వాడతారు.

‘‘చెయ్యి కాలదా అమ్మా?’’ అనడిగాను.

‘‘కాల్తాదండి. మొదట్లో బొబ్బలెక్కేత్తాయి. తరవాత అలవాటైపోద్ది’’ అని అరచెయ్యి చూపించింది. వేళ్ళ కొసలు గట్టిపడి గీతలు కూడా సరిగా కనబడలేదు. ఎన్ని వందల రేకులు తీస్తే అంత కూలి. ఎండాకాలం మధ్యాహ్నాలు పొయ్యి ముందు కూర్చోలేక తెల్లారకుండా మొదలెడుతుందట. ‘‘మరి మీ అమ్మాయికి నేర్పావా?’’ అంది అత్తయ్య. ‘‘లేదండి. అది నర్సు ట్రైనింగ్ సదువుతుందండి. నేర్సుకుంటానంది, నేనే వొద్దన్నాను. ఈ పొగలో నాతోటే ఆగిపోవాలండి’’ అందావిడ. కొబ్బరాకు తోస్తూనే ఉంది, మొహం మాత్రం వెలిగిపోయింది కూతురి మాట ఎత్తగానే.

ఆ మాట నాకు చాలాసేపు మనసులో మెదిలింది. ఊరికి గుర్తింపు వచ్చింది, పెట్టె మీద బొమ్మ వచ్చింది. పొయ్యి ముందు కూర్చునే ఆడవాళ్ళ కళ్ళకీ, ఊపిరితిత్తులకీ ఏమైనా ఒరిగితేనే ఆ పని రేపటికి నిలుస్తుంది. మనం కొనేటప్పుడు పది రూపాయల దగ్గర బేరమాడేముందు ఆ అరచెయ్యి ఒకసారి గుర్తు చేసుకుంటే చాలు.

ఇంట్లో చుట్టుకోవడం ఎలా?

రేకు తియ్యడం మన గ్యాసు పొయ్యి మీద అయ్యే పని కాదు. చుట్టడం మాత్రం ఎవరైనా చెయ్యొచ్చు. వట్టి రేకులు కట్టలుగా అమ్ముతారు. అవి తెచ్చుకుంటే ఒక మధ్యాహ్నం ఇంటిల్లిపాదికీ కాలక్షేపం.

కావలసినవి: రేకులు 20, పంచదార పొడి 1 కప్పు (లేదా ఆరబెట్టిన బెల్లం తురుము 1 కప్పు), కరిగించిన నెయ్యి అరకప్పు, ఏలకులు 5, జీడిపప్పు బాదంపప్పు పలుకులు కావలసినన్ని.

చేసే విధానం: ఏలకుల్ని పొడి కొట్టి పంచదారలో కలిపి ఉంచుకోవాలి. బెల్లంతో చేసుకునేవాళ్ళు ముందు రోజే తురిమి, పళ్ళెంలో పరిచి నీడన ఆరబెట్టుకోవాలి. తడి బెల్లం వేస్తే రేకు ముద్దయిపోతుంది. శుభ్రమైన గుడ్డని తడిపి, గట్టిగా పిండి, పీటమీద పరచాలి. దానిమీద ఒక రేకు పెట్టి, నాలుగు లెక్కపెట్టేంతసేపు ఉంచితే మెత్తబడుతుంది. ఎక్కువసేపు ఉంచితే కరిగిపోతుంది, జాగ్రత్త. దాన్ని పళ్ళెంలోకి తీసుకుని, చెంచాతో నెయ్యి చిలకరించి, పొడి చల్లి, పైన రెండో రేకు తడపకుండానే పెట్టి మళ్ళీ నెయ్యి, పొడి, పప్పులు వెయ్యాలి. రెండు పక్కలా అంచులు లోపలికి మడిచి, చాపలా కాకుండా చీర మడతలా వెడల్పుగా చుట్టుకుంటూ రావాలి. ఇరవై రేకులకి పది పూతరేకులు వస్తాయి. విరిగిన ముక్కలు పారెయ్యకండి, మధ్యలో పొరగా పెట్టెయ్యొచ్చు.

చల్లే పని చిన్నపిల్లలకి, తడి గుడ్డ పని పెద్దవాళ్ళకి ఇవ్వండి. అయిదేళ్ళలోపు పిల్లలుంటే పప్పులు పలుకులుగా వెయ్యకుండా మెత్తగా పొడి చేసి వెయ్యండి, గొంతుకి అడ్డం పడకుండా ఉంటాయి. ఇంకో మాట. షుగర్ ఉన్నవాళ్ళు ‘‘బెల్లమేగా’’ అని రెండు తినేస్తుంటారు. రక్తంలో చక్కెర పెంచడంలో బెల్లం కూడా పంచదారకి తీసిపోదు, పైగా రేకే బియ్యం. వాళ్ళకి సగం ముక్క, అదీ లెక్కలో చూసుకుని. మావారికి ఇంట్లో జరిగే ఏర్పాటు అదే.

పెంకుటింట్లో

సాయంత్రానికి కొత్తపేట మీదుగా అత్తయ్య పుట్టినూరు చేరాం. కొబ్బరితోటల మధ్య పెంకుటిల్లు. ముందు అరుగులు, వెనక దొడ్లో పనసచెట్టు. అత్తయ్య వదినగారిని మేమంతా పెద్దత్తయ్య అంటాం. ఎనభై దాటాయి. గుమ్మంలోకి వచ్చి మావార్ని, నన్ను పలకరించింది, మా చిన్నదాని గడ్డం పట్టుకుంది. అత్తయ్య పూతరేకుల పెట్టె అరుగు మీద పెట్టి పక్కనే కూర్చుంది. ‘‘రా’’ అని ఒకరూ అనలేదు, ‘‘బాగున్నావా’’ అని రెండోవాళ్ళూ అడగలేదు.

కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళుతూ వంటింట్లోకి చూశాను. పెద్ద తపేలా నిండా రుబ్బిన పిండి, మీద పళ్ళెం మూత. ఎనభై ఏళ్ళావిడ, ఒక్కత్తీ ఉండే ఇంట్లో అంత పిండి ఎందుకు? పొద్దున్నే పప్పు నానబోసిందంటే మేం వస్తామని లెక్క వేసుకునే ఉంది. అత్తయ్య కూడా ఆ తపేలా చూసింది. ఏమీ అనలేదు గాని, ఆ రాత్రి విస్తట్లో పెట్టిన అన్నం తిన్నది. మంచినీళ్ళూ తాగింది. నేనూ మావారూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

తెల్లవారి మావారి మామ కొడుకు చెట్టెక్కి పనసాకులు కోసి పడేశాడు. పొట్టిక్కలు అంటే తెలుసు కదా? పనసాకుల్ని చిన్న బుట్టలుగా కుట్టి, అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. అంబాజీపేట వైపు వాటికి పెట్టింది పేరు. పెద్దత్తయ్య అరుగు మీద చాప వేసుకుని, ఆకులు, చీపురు ఈనెలు ముందు పెట్టుకుని కూర్చుంది. మా చిన్నది పక్కన చేరింది. ‘‘పెద్దమామ్మా, నేర్పవా?’’ అంది.

ఆవిడ నాలుగాకులు పేర్చింది. ఈనె గుచ్చబోతే చెయ్యి వణికింది. శుక్లాల ఆపరేషన్ ఒక కంటికే అయిందట. ఈనె ఆకులోకి దిగకుండా జారిపోతోంది. రెండోసారీ జారింది. గుమ్మంలో స్తంభానికి ఆనుకుని చూస్తున్న అత్తయ్య ఇక ఉండబట్టలేకపోయింది.

‘‘ఈనె పొట్టిగా విరవాలి వదినా. పొడుగ్గా ఉంటే ఎక్కడ దిగుతుంది?’’ అంది.

పెద్దత్తయ్య తలెత్తకుండానే, ‘‘పొట్టిదైతే ఉడికేటప్పుడు ఊడొస్తుంది అమ్మాయ్. మీ అమ్మ ఎప్పుడూ పొడుగ్గానే విరిచేది’’ అంది.

‘‘మా అమ్మా? మా అమ్మ ఈనెని రెండు ముక్కలు చేసేది. నువ్వొచ్చాకే పొడుగైంది.’’

‘‘అయితే నువ్వే కుట్టి చూపించు.’’

అంతే. పదకొండేళ్ళ తరవాత మొదటి మాట ఈనె పొడుగు మీద తగువు! అత్తయ్య చాప మీద చతికిలబడి ఈనె పుటుక్కున విరిచింది. ఒకావిడ ఆకులు పేరుస్తుంటే ఇంకొకావిడ గుచ్చింది. అరగంటలో ముప్ఫై బుట్టలయ్యాయి. మా చిన్నది మూడు కుట్టింది, ఒకటి నిలబడింది.

పొట్టిక్కలు

కావలసినవి: మినప్పప్పు 1 గ్లాసు, ఇడ్లీరవ్వ 2 గ్లాసులు, ఉప్పు తగినంత, కొంచెం ముదిరిన పనసాకులు, శుభ్రమైన కొబ్బరి ఈనెలు.

చేసే విధానం: పప్పు నాలుగు గంటలు నానబెట్టి, మెత్తగా, గుల్లగా రుబ్బుకోవాలి. ఇడ్లీరవ్వ కడిగి, గట్టిగా పిండి అందులో కలిపి, ఉప్పు వేసి రాత్రంతా పులవనివ్వాలి. పనసాకుల్ని కడిగి తుడిచి, తొడిమలు తుంచెయ్యాలి. నాలుగాకుల్ని కూడిక గుర్తులా, మధ్యలో ఒకదాని మీద ఒకటి వచ్చేలా పేర్చాలి. పక్కపక్క ఆకుల అంచుల్ని ఒకదాని మీదికి ఒకటి లాగి ఈనెతో గుచ్చాలి. నాలుగు వైపులా గుచ్చితే దొప్పలాంటి బుట్ట నిలబడుతుంది. సందు కనిపిస్తే అడుగున చిన్న ఆకుముక్క వెయ్యండి. పిండి ముప్పావు వంతు దాకా పోసి, ఇడ్లీపాత్రలో గాని, లోతైన గిన్నెలో చిల్లుల పళ్ళెం పెట్టి గాని నిలబెట్టాలి. లోతుగా ఉంటాయి కాబట్టి ఇడ్లీకన్నా ఎక్కువసేపు, 20 నుంచి 25 నిమిషాలు ఉడకాలి. పుల్ల గుచ్చి చూస్తే పిండి అంటకూడదు. వేడివేడిగా ఆకు విప్పితే వచ్చే ఆ వాసన ఏ పళ్ళెంలో ఇడ్లీకీ రాదు. కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడి రెండూ బాగుంటాయి.

తినేముందు ఈనెలన్నీ తీసి, ఎన్ని గుచ్చారో లెక్క చూసుకుని పిల్లల చేతికివ్వండి. పట్నంలో పనసాకులు దొరకవంటారేమో, ఎక్కడో ఒక ఇంటి ప్రహరీ పక్కన పనసచెట్టు ఉండనే ఉంటుంది. అడిగితే కాదనరు. దొరకనే దొరక్కపోతే అరటాకు ముక్కల్ని మంట మీద కాస్త వెచ్చబెట్టి దొన్నెలు కుట్టుకోవచ్చు. రుచి వేరు గాని సరదా అదే.

ఈనె పొట్టిగానా, పొడుగ్గానా అంటారా? ముప్ఫై బుట్టల్లో పొట్టి ఈనెలవి రెండు, పొడుగువి రెండు విడిపోయాయి. తగువు తీరలేదు.

కోరాము, కొబ్బరి లౌజు

ఆ మధ్యాహ్నం దొడ్లో కాయలు కొట్టి కొబ్బరి లౌజు చేశారు. చిన్నప్పుడు అత్తయ్య కూర్చుని కోరిన కోరామే ఇంకా ఉంది. చెక్క పీట, ముందు ఇనుప పళ్ళు. పీట మధ్యలో చెక్క అరిగి పల్లం పడింది. అత్తయ్య దానిమీద కూర్చుంటే పెద్దత్తయ్య చిప్పలు అందించింది. ఇద్దరూ ఎవరెవరో పోయినవాళ్ళ కబుర్లు చెప్పుకున్నారు. మురుగుల మాట ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తుతారేమోనని భయపడుతూ బెల్లం తరుగుతున్నాను.

లౌజుకి కొలత చాలా సులువు. రెండు కప్పుల పచ్చి కొబ్బరి కోరుకి ఒక కప్పు బెల్లం తురుము. బెల్లంలో పావుకప్పు నీళ్ళు పోసి కరిగించి వడకట్టండి, ఇసక ఉంటే పోతుంది. మందపాటి మూకుడులో బెల్లం నీళ్ళు పొంగు రాగానే కొబ్బరి వేసి, సన్నమంట మీద కలుపుతూ ఉండాలి. పావుగంటలో దగ్గరపడి మూకుడు అంచులు వదులుతుంది. ఏలకుల పొడి, చెంచాడు నెయ్యి వేసి దింపెయ్యండి. గోరువెచ్చగా ఉండగానే చేతికి నెయ్యి రాసుకుని ఉండలు చెయ్యాలి. ఉండలు చుట్టే పని పిల్లలదే. పెద్దవీ చిన్నవీ వచ్చినా ఏమీ అనకండి. పచ్చి కొబ్బరి కాబట్టి బయట రెండు రోజులకి మించి ఉంచొద్దు. ఫ్రిజ్‌లో అయితే వారం ఉంటాయి.

శుక్రవారం రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాం. అత్తయ్య చూపించిన చోటల్లా సంతకం పెట్టింది, వేలిముద్ర వేసింది. కొన్నవాళ్ళు ఇల్లు పడగొట్టి కొత్తది కడతారట. పనసచెట్టు ఉంచుతారో లేదో చెప్పలేదు. తిరిగొచ్చాక పెద్దత్తయ్య వంటింట్లోంచి కోరాము పట్టుకొచ్చి, ‘‘హైదరాబాదు అపార్టుమెంటులో ఇది ఎక్కడ పెట్టుకుంటాను? నువ్వు పట్టుకెళ్ళు అమ్మాయ్’’ అని అత్తయ్య ముందు పెట్టింది. అత్తయ్య దాన్ని కాసేపు చూసి, పాత చీర ముక్క అడిగి, ఇనుప పళ్ళకి చుట్టి తనే కట్టుకుంది. ఆవిడ మనసులో మురుగులు ఉన్నాయో పోయాయో నాకు తెలీదు, నేను అడగలేదు. ఇప్పుడు మాత్రం ఆదివారం ఆదివారం హైదరాబాదుకి ఫోన్ చెయ్యమని మా చిన్నదాన్ని పిలుస్తోంది. ఎక్కువ మాట్లాడుకోరు. ‘‘ఇవాళేం కూర?’’ అంటే ‘‘నీదేం కూర?’’ అనుకుంటారు, అంతే.

వచ్చేటప్పుడు

శనివారం తిరుగు ప్రయాణంలో వాడపల్లి వెంకన్నబాబు దర్శనానికి ఆగాం. ఏడు శనివారాలు మొక్కుకుని వచ్చేవాళ్ళు చాలామంది. శనివారమైతే ఇసకేస్తే రాలని జనం. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు మామూలు రోజు చూసుకోవడం మంచిది. అక్కణ్ణుంచి ఆత్రేయపురంలో వట్టి రేకులు కొనుక్కుని, బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కాం.

నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఈ నది మీద ఆనకట్ట కట్టడం కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ఇప్పుడు మనం దాటే బ్యారేజీ 1982కి తయారైంది, దానికి ఆయన పేరే పెట్టారు. ఆ కాలవలే లేకపోతే కోనసీమలో ఇంత వరి ఎక్కడిది, ఆ బియ్యం లేకపోతే రేకులెక్కడివి? అది మావారు మా చిన్నదానికి చెప్పిన పాఠం. అది మాత్రం ఒళ్ళో రేకుల కట్ట పెట్టుకుని, కారం మిక్చరు తింటూ వింది. రాజమండ్రిలో రైలెక్కి రాత్రికి గుంటూరు చేరాం.

మర్నాడు ఆదివారం. పెద్దాడు కూడా పుస్తకం మూసి వచ్చి కూర్చున్నాడు. అత్తయ్య పీటమీద తడిగుడ్డ పరిచింది. మొదటి మూడు రేకులూ ముద్దయ్యాయి, నాలుగోది చిరిగింది, అయిదోది కుదిరింది. పెద్దాడు చుట్టినది దుప్పటి మడతలా ఉందని చెల్లెలు నవ్వితే, దాందేమో చుట్టకాల్చే చుట్టలా ఉందని వాడు నవ్వాడు. మొత్తం పదకొండు వచ్చాయి, సాయంత్రానికి ఒకటి మిగిలింది. అదీ మావారి వాటా రెండో సగం అని అత్తయ్య దాచింది కాబట్టి.

మీరూ ఎప్పుడైనా అటు వెళితే, తయారైన పూతరేకులు ఒక పెట్టె, వట్టి రేకులు ఒక కట్ట తీసుకోండి. పంచదారవి ఎక్కువ రోజులు నిలవుంటాయి, బెల్లంవి త్వరగా మెత్తబడతాయి కాబట్టి ముందు అవి తినెయ్యండి. రెండూ గాలి చొరని డబ్బాలోనే ఉంచాలి, ఫ్రిజ్‌లో పెడితే చెమ్మ పడుతుంది. కుండ మీద రేకు తీసే చోటు చూడాలనుకుంటే పొద్దున్నే వెళ్ళండి, మంట ముందు కూర్చున్నవాళ్ళని ఎక్కువసేపు ఆపకండి, ఏదో ఒకటి వాళ్ళ దగ్గరే కొనండి. రేకుల కట్టని మాత్రం సామాన్లలో పెట్టొద్దు, పైన కూడా పెట్టొద్దు. బస్సయినా రైలయినా ఒళ్ళోనే పెట్టుకోవాలి. కాస్త కుదుపు తగిలినా పొడి అయిపోతాయి. అలా అయిపోయినా బెంగపడకండి. ఆ పొడిలో నెయ్యి, పంచదార కలిపి గిన్నెలో వేసి పిల్లలకి చెంచా ఇవ్వండి. మా ఇంట్లో అందరికంటే ముందు ఖాళీ అయ్యేది ఆ గిన్నే.